అబ్బాయి పదకొండింటికి లేస్తున్నాడు, అమ్మాయికి బోర్... ఈ టైంలో నేను ఉద్యోగంలో చేరొచ్చా?

ప్రశ్న: నేను ఇంటి నుంచే రెండు చిన్న సంస్థలకు అకౌంట్స్ చూస్తాను. అబ్బాయికి 15 ఏళ్లు, అమ్మాయికి 11. వేసవి సెలవులు మొదలయ్యాక ఇల్లు నా చేతిలో లేదు. వాడు రాత్రి రెండింటిదాకా గేమ్ వీడియోలు చూస్తూ, వాటిని కత్తిరించి అతికిస్తూ కూర్చుంటాడు. పొద్దున పదకొండుకు గానీ లేవడు. చిన్నది గంటకోసారి నా గదిలోకి వచ్చి ‘బోర్ కొడుతోంది’ అంటుంది. లేదంటే పక్కింటి చిన్నపిల్లల్ని పోగేసి వాళ్ల మీద పెత్తనం చేస్తుంది. తెలిసినవాళ్ల పిల్లలంతా కోడింగ్, రోబోటిక్స్, వచ్చే ఏడాది సిలబస్ అంటూ ఏదో ఒకదాంట్లో చేరిపోయారు. మా పిల్లలు వెనకబడిపోతారేమోనని టెన్షన్‌గా ఉంది. ఇంకో విషయం, సెలవులయ్యాక పూర్తికాలం ఉద్యోగంలో చేరమని నాకు ఒక సంస్థ నుంచి పిలుపు వచ్చింది. ‘పిల్లలు ముఖ్యమైన వయసులో ఉన్నారు, ఇప్పుడెందుకు’ అంటున్నారు మావారు. వద్దని చెప్పేయనా?

జవాబు: అమ్మా, అబ్బాయి వీడియోలు కత్తిరించి అతికిస్తున్నాడన్నారు, చిన్నది పక్కింటి పిల్లల మీద పెత్తనం చేస్తోందన్నారు. ఆ రెండూ మీరు ఫిర్యాదు కింద రాశారు. నాకు మాత్రం మీ ఉత్తరంలో బాగా పనికొచ్చినవి అవే. పిల్లల కెరీర్ గురించి మాట్లాడటానికి వచ్చే తల్లిదండ్రులను నేను ముందుగా అడిగే ప్రశ్న ఒకటుంది. ఎవరూ చెప్పకపోయినా, మార్కులు రాకపోయినా, మీ పిల్లలు ఏ పని దగ్గరికి మళ్లీ మళ్లీ వెళ్తున్నారు? బడి నడిచే రోజుల్లో దీనికి జవాబు దొరకదు. లేచిన దగ్గర్నుంచి ఎవరో వేసిన టైంటేబుల్ ప్రకారమే గడుస్తుంది కదా. ఆ జవాబు సెలవుల్లోనే బయటపడుతుంది. అందుకే ఈ వేసవిని పొద్దున్నుంచి సాయంత్రందాకా క్లాసులతో నింపేయొద్దని చెబుతాను.

ముందు నిద్ర సంగతి చూద్దాం. ఇంట్లో సగం గొడవ దాని మీదే అయ్యుంటుంది. రాత్రి రెండు నుంచి పొద్దున పదకొండు అంటే తొమ్మిది గంటలు. 13 నుంచి 18 ఏళ్ల వాళ్లకు రోజుకు 8 నుంచి 10 గంటలు, 6 నుంచి 12 ఏళ్ల పిల్లలకు 9 నుంచి 12 గంటలు నిద్ర కావాలని అమెరికన్ అకాడమీ ఆఫ్ స్లీప్ మెడిసిన్ 2016లో సూచించింది. అంటే మీవాడు ఎక్కువేమీ పడుకోవడం లేదు, వేళ తప్పిందంతే. యుక్తవయసులో నిద్రకు సంబంధించిన మెలటోనిన్ అనే హార్మోన్ రాత్రిపూట ఆలస్యంగా విడుదలవుతుంది. పదింటికే పడుకోమంటే నిద్ర రావడం లేదని వాడు చెప్పేది నాటకం కాదు. దానికి స్క్రీన్ వెలుగు, ఆట హుషారు తోడైతే రెండు కొట్టడం పెద్ద విషయం కాదు. కాబట్టి ‘బద్ధకం’ అన్న మాట మానేయండి. అలాగని వదిలేయమనడం లేదు. పదకొండు నుంచి ఆరున్నరకు రావాలంటే, రెండు రోజులకోసారి అరగంట చొప్పున ముందుకు జరిపినా పద్దెనిమిది రోజులు పడుతుంది. బడి తెరవడానికి మూడు వారాల ముందే మొదలుపెట్టండి. లేవగానే కాసేపు పొద్దుటి వెలుతురులో తిరగనివ్వండి. పడుకునే వేళ గురించి పోట్లాట వద్దు, లేచే వేళ మారితే అదీ మెల్లగా సర్దుకుంటుంది. ఫోన్లు మాత్రం రాత్రి హాల్లోనే ఛార్జింగ్‌కు పెట్టాలి, మీదీ వాళ్ల నాన్నగారిదీ కూడా. పెద్దవాళ్ల ఫోన్లు పడకగదిలో ఉంటే ఆ రూల్ రెండో రోజుకే పోతుంది.

ఒక్క హెచ్చరిక. నిద్ర తప్పడంతో పాటు స్నేహితుల మీద, తిండి మీద, ఇష్టపడే వీడియోల మీద కూడా ఆసక్తి పోయి, అది రెండు వారాలు దాటితే డాక్టర్‌కు చూపించాలి. మీ ఉత్తరంలో అలాంటి సూచన ఏమీ కనిపించలేదు.

ఇప్పుడు ఆ వీడియోల దగ్గరికి వద్దాం. చూడటం వేరు, చేయడం వేరు. మీవాడు రెండూ చేస్తున్నాడు, మీకు మాత్రం రెండూ ‘ఫోన్ పట్టుకుని కూర్చోవడం’ గానే కనిపిస్తున్నాయి. ఒక సాయంత్రం వాడి పక్కన కూర్చోండి. ‘ఎంతసేపు దీని ముందు’ అనకుండా, ‘ఇక్కడే ఎందుకు కట్ చేశావు?’ అని అడగండి. సెకనుకు 30 ఫ్రేములు, అంటే 30 విడి బొమ్మలు ఉండే వీడియోలో ఒక కట్‌ను పది ఫ్రేములు ముందుకు జరిపితే తేడా సెకనులో మూడో వంతు. అంత చిన్న తేడాకే ఒక జోక్ పేలుతుంది, లేదా చప్పగా పోతుంది. ఆ తేడా వాడి కంటికి ఆనుతోందా? నచ్చక చెరిపేసి మళ్లీ చేస్తున్నాడా? పాటలో బీట్ పడే దగ్గర సీన్ మారేలా చూసుకుంటున్నాడా? ‘ఏమో, ఊరికే’ అంటే అది కాలక్షేపం, అందులో తప్పేమీ లేదు. విసుక్కుంటూనే అయినా మీకు పది నిమిషాలు వివరించాడంటే మాత్రం ఆ పనిని గట్టిగా పట్టించుకోవాలి.

అలా వివరించాడనుకోండి, కోర్సు కోసం వెతకొద్దు. చివరి తేదీ ఉన్న ఒక నిజమైన పని ఇవ్వండి. ఇంటి పెద్దవాళ్ల పాత ఫొటోలు, వాళ్ల గొంతు రికార్డు చేసి ఐదు నిమిషాల వీడియో చేయమనండి, ఫలానా రోజు అందరూ కూర్చుని చూస్తారని చెప్పండి. ఎవరి గొంతు ఎంతసేపు ఉంచాలి, ఎవర్ని తీసేస్తే నొచ్చుకుంటారు, శబ్దం సరిగా లేకపోతే ఏం చేయాలి అన్న తలనొప్పులన్నీ వాడే పడతాడు. ఎడిటింగ్‌లో అసలు పని అదే. సాఫ్ట్‌వేర్ కొనక్కర్లేదు. డావిన్చి రిజాల్వ్ అనే ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్‌కు ఉచిత వెర్షన్ ఉంది, మంచి కంప్యూటర్ ఉంటే అది బాగా నడుస్తుంది. యానిమేషన్ బొమ్మల వైపు ఇష్టం ఉంటే బ్లెండర్ అనే సాఫ్ట్‌వేర్ పూర్తిగా ఉచితం.

ఆ తర్వాత ఆ రంగంలో పనిచేస్తున్న ఒకరితో వాణ్ని మాట్లాడించండి. తెలిసినవాళ్లలో వెతికితే ఎవరో ఒకరు దొరుకుతారు. ‘ఈ ఫీల్డ్‌లో స్కోప్ ఎలా ఉంది’ అని అడగొద్దని ముందే చెప్పండి. ఆ ప్రశ్నకు ఎవరైనా నాలుగు మంచి మాటలు చెప్పి పంపిస్తారు. ‘నిన్న పొద్దున్నుంచి సాయంత్రందాకా ఏం చేశారు?’ అని అడగాలి. అప్పుడు క్లయింటు పదిసార్లు మార్పించిన సంగతి, అర్ధరాత్రి పనులు, డబ్బు ఆలస్యంగా రావడం అన్నీ బయటికొస్తాయి. అవి విన్నాక కూడా కళ్లు మెరిస్తే ఆలోచించడానికి చాలా టైం ఉంది. డొనాల్డ్ సూపర్ అనే కెరీర్ శాస్త్రవేత్త 15 నుంచి 24 ఏళ్ల మధ్య కాలాన్ని అన్వేషణ దశ అన్నాడు. మీవాడు ఆ దశ గుమ్మంలోనే ఉన్నాడు, ఈ వేసవిలో వాడు ఏదీ తేల్చుకోనక్కర్లేదు.

చిన్నదాని విషయంలో నాకు ఇంకా ఎక్కువ పట్టింపు ఉంది. పదకొండేళ్ల పిల్ల కదా, కెరీర్ మాట ఇప్పుడే ఎందుకు అంటారు అందరూ. లిండా గాట్‌ఫ్రెడ్సన్ అనే పరిశోధకురాలు 1981లో ఒక సిద్ధాంతం ప్రతిపాదించింది. దాని ప్రకారం పిల్లలు ఉద్యోగాలను ఎంచుకోవడం కంటే ముందు, వద్దనుకున్నవాటిని జాబితాలోంచి కొట్టేసుకుంటూ వస్తారు. 6 నుంచి 8 ఏళ్ల మధ్య ‘ఇది ఆడవాళ్ల పని, ఇది మగవాళ్ల పని’ అని కొన్నిటిని, 9 నుంచి 13 ఏళ్ల మధ్య ‘ఇది పరువైన పని, ఇది కాదు’ అని మరికొన్నిటిని. ఒకసారి కొట్టేసిన వాటి వైపు మళ్లీ చూడటం అరుదు. మీ అమ్మాయి ఇప్పుడు సరిగ్గా ఆ వయసులో ఉంది. టీవీ చూస్తూనో, చుట్టాలతో ఫోన్‌లో మాట్లాడుతూనో మీరు అనే ‘ఆ ఉద్యోగం ఏం ఉద్యోగంలే’, ‘ఆడపిల్లకు అది కష్టం’ లాంటి మాటలు ఆ చెవుల్లో పడుతూనే ఉంటాయి. వాటిని తగ్గించుకోవడం ఏ సమ్మర్ క్యాంపు కన్నా ఎక్కువ మేలు చేస్తుంది.

ఇక ఆ పెత్తనం. పక్కింటి పిల్లలతో ఏం ఆడిస్తోందో ఒకసారి తలుపు దగ్గర నిలబడి వినండి. ఆటకు కొత్త రూల్స్ పెడుతోందా? ఓడిపోయి ఏడ్చినవాణ్ని ఎలా ఊరుకోబెడుతోంది? అందరికంటే చిన్నవాడికి రూల్ కాస్త సడలిస్తోందా, లేక ఆటలోంచి పంపించేస్తోందా? టీచర్ ఆట ఆడే పిల్ల టీచరే అవుతుందని నేననను. కానీ రూల్స్ కల్పించడం, నలుగుర్ని కూర్చోబెట్టి ఒక పని నడిపించడం చాలా వృత్తుల్లో కావాలి. తను కల్పించిన ఆటనే కంప్యూటర్‌లో చేసుకోవాలనుకుంటే స్క్రాచ్ అనే పిల్లల ప్రోగ్రామింగ్ సాధనం ఉంది. అమెరికాలోని ఎంఐటీ విశ్వవిద్యాలయానికి చెందిన మీడియా ల్యాబ్ దాన్ని 2007లో విడుదల చేసింది, ముఖ్యంగా 8 నుంచి 16 ఏళ్ల పిల్లల కోసం తయారైంది, ఉచితం. బొమ్మల దిమ్మెల్లాంటి ఆదేశాలను పేర్చుకుంటూ పోవడమే. డబ్బు కట్టి కోడింగ్ క్లాసులో చేర్చే ముందు దీన్ని వారం రోజులు వాడి చూడనివ్వండి. వీడియో ఛానల్ పెడతానని మొదలుపెడితే మాత్రం తొందరపడొద్దు. చాలా సోషల్ మీడియా సంస్థలు పెట్టిన కనీస వయసు 13, వయసు ఎక్కువ వేసి అకౌంట్ తెరిచివ్వకండి.

‘బోర్ కొడుతోంది’ అన్న ప్రతిసారీ మీరు ఒక ఐడియా ఇస్తున్నారా? అయితే గంటకోసారి రావడంలో ఆశ్చర్యం లేదు. ‘సరే, నా పని మూడింటికి అయిపోతుంది’ అని ఊరుకోండి. మొదటి కొన్ని రోజులు గునుస్తుంది. తర్వాత తనంతట తనే ఏదో ఒకటి మొదలుపెడుతుంది. మీరు గమనించాల్సింది ఆ ‘ఏదో ఒకటి’నే.

చదువులో వెనకబడటం గురించి. అమెరికాలో హారిస్ కూపర్ బృందం 1996లో 39 అధ్యయనాలను పరిశీలించి, వేసవి సెలవుల వల్ల పిల్లలు సగటున ఒక నెల చదువంత వెనక్కి జారుతున్నారని తేల్చింది. జారుడు ఎక్కువగా లెక్కల్లోనూ స్పెల్లింగుల్లోనూ ఉంది. ఆ అంచనా మీద తర్వాతి పరిశోధకులు వాదించుకున్నారు గానీ, లెక్కలు వాడకపోతే చేయి తిరగదన్నది ఏ టీచరైనా చెబుతుంది. రోజూ అరగంట లెక్కలు, ఏదైనా ఒక పుస్తకం, సాయంత్రం గంటసేపు ఒంటికి చెమట పట్టే ఆట చాలు. 5 నుంచి 17 ఏళ్ల పిల్లలకు రోజుకు సగటున 60 నిమిషాల శారీరక శ్రమ ఉండాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడా చెబుతోంది. వచ్చే ఏడాది సిలబస్ వచ్చే ఏడాదే చెప్తారు.

క్లాసులో చేర్పించే తీరాలనిపిస్తే ఒక్కరికి ఒక్కటి, అదీ వాళ్లు అడిగింది. చేర్చే ముందు, చివరికి పిల్లవాడు ఏం తయారుచేసి ఇంటికి తెస్తాడో అడగండి. ఒక డెమో క్లాసులో కూర్చోనివ్వమనండి, మధ్యలో మానేస్తే ఫీజు సంగతి కాగితం మీద రాయించుకోండి. ‘మూడు వారాల్లో యాప్ డెవలపర్’ అనే ప్రకటన కనిపిస్తే ఆ పేజీ తిప్పేయండి.

ఇప్పుడు మీ ఉద్యోగం. మీరు దీన్ని చివర్లో ‘ఇంకో విషయం’ అని రాశారు. నాకైతే అసలు ప్రశ్న ఇదే అనిపించింది. వద్దని చెప్పొద్దు, ముందు పరీక్షించి చూడండి. పిల్లలిద్దరూ పాలు తాగే వయసువాళ్లు కాదు. ఉద్యోగంలో చేరాక ఇల్లు ఎలా నడుస్తుందో ఈ సెలవుల్లోనే రిహార్సల్ చేయొచ్చు. రోజూ రెండు గంటలు మీ గది తలుపు మూసుకోండి. దెబ్బ తగిలితే, గ్యాస్ వాసన వస్తే, తెలియనివాళ్లు తలుపు కొడితే పిలవాలి, మిగతావి ఆగాలి అని ఒక కాగితం మీద రాసి తలుపుకు అంటించండి. ఆ రెండు గంటలు ఇల్లు అబ్బాయిది. మధ్యాహ్నం భోజనం వేడిచేసి చెల్లికి పెట్టడం, గిన్నెలు సర్దడం వాడి పని. సరిగ్గా చేయడు. మీరు వెనకాలే వెళ్లి మళ్లీ సర్దకండి, అలా సర్దితే ఆ పని తిరిగి మీదే అవుతుంది. వారం వారం ఆ రెండు గంటల్ని పెంచుకుంటూ పోండి.

పిల్లలకు మీరు చేసే పనేమిటో తెలుసా? ‘అమ్మ లాప్‌టాప్ ముందు కూర్చుంటుంది’ అన్నంత వరకే చాలామంది పిల్లలకు తెలుసు. క్లయింట్ల కాగితాలు చూపించకూడదు గానీ ఇంటి ఖర్చుల బిల్లులు ఉన్నాయి కదా. నెల బిల్లులు, బ్యాంక్ స్టేట్‌మెంట్ చిన్నదాని ముందు పెట్టి టాలీ చేయమనండి. ఎక్కడో తేడా వస్తుంది. ఒకే బిల్లు రెండుసార్లు వేసిందో, అంకెలు తారుమారయ్యాయో వెతుక్కుంటుంది. తేడా సరిగ్గా తొమ్మిదితో భాగించబడితే అంకెలు తారుమారయ్యాయేమో చూడాలని మీకు తెలిసిన కిటుకు అప్పుడు చెప్పండి. అమ్మ పని అంటే ఏమిటో ఆ ఒక్క మధ్యాహ్నంలో తెలుస్తుంది.

మీవారితో ‘చేరనా వద్దా’ అని కాకుండా, చేరితే ఎవరు ఏ పని చేస్తారన్న లెక్కతో మాట్లాడండి. పిల్లలు ముఖ్యమైన వయసులో ఉన్నారన్న ఆయన మాట నిజమే. అయితే ఆ వయసు తండ్రికి కూడా ముఖ్యమే కదా, సాయంత్రం ఆ గంట ఆటకు పిల్లల్ని తీసుకెళ్లడం ఆయన వంతుకు రాయండి. సంస్థ వాళ్లను పని వేళలు, ఇంటి నుంచి పనిచేసే రోజులు, నెలాఖరులో ఎన్ని గంటలు అదనంగా ఉండాల్సి వస్తుంది అన్నవి మెయిల్‌లో అడిగి జవాబు తెప్పించుకోండి. ముఖ్యంగా ఆ నెలాఖరు సంగతి. అకౌంట్స్‌లో ఉన్నవాళ్లకు దాని బరువు తెలుసు, పిల్లల పరీక్షలు కూడా సరిగ్గా అప్పుడే వస్తాయి.