ఆ ఆడవాళ్ళు అడిగిన ప్రశ్న

శ్రీకాకుళం

చిరంజీవి అమ్మాయికి,

నువ్వు పంపిన సినిమా చూశాను. ఫోన్లో ఒకసారి చూసి, చాలక మా అబ్బాయి చేత టీవీలో పెట్టించుకుని మళ్ళీ చూశాను. సంక్రాంతి సెలవులకి ఖాళీ అయిపోయిన హాస్టల్, అందులో ఒంటరిగా ఉండిపోయిన పిల్ల, కనపడకుండా పోయిన స్నేహితురాలి నంబరు నుంచి వచ్చిన మెసేజ్, అర్ధరాత్రి పలాసలో జీడి ఫ్యాక్టరీ, ముసుగు మనిషి. 18 నిమిషాల్లో ఇంత కథ నడిపించావు. ఎక్కడా కెమెరా అనవసరంగా ఊగలేదు. మొదటి సినిమాకి అది చిన్న విషయం కాదు.

నీ ఉత్తరంలో ఒక మాట దగ్గర మాత్రం ఆగిపోయాను. కాలేజీ ఆడిటోరియంలో చప్పట్లు, ఈలలు మోగాయన్నావు. అదే సినిమాని మీ మావయ్య ఫ్యాక్టరీలో గోడకి తెల్ల దుప్పటి కట్టి, జీడిపిక్కలు కొట్టే ఆడవాళ్ళకి చూపిస్తే ఒక్క చప్పట్లేదన్నావు. అయిపోయాక ఒకావిడ లేచి, "ఆ గుంట ఇంటికాడ సెప్పకుండా రేతిరేల ఎందుకెల్లిపోనాది?" అని అడిగిందన్నావు. దాని కింద, "వాళ్ళకి థ్రిల్లర్ అర్థం కాదు మాస్టారూ" అని రాశావు.

అమ్మా, నీ సినిమాని అర్థం చేసుకున్నది వాళ్ళే.

కాలేజీలో ఏం జరిగిందో ఆలోచించు. ముసుగు తీయగానే ఈలలు పడ్డాయి. ముసుగు వెనక ఉన్నది మీ క్లాసు కుర్రాడు. వాడు తెర మీద కనపడినందుకు ఆ ఈలలు. నీ కథలో హంతకుడు దొరికినందుకు కాదు. ఆ పిల్లలని నేను తక్కువ చేయడం లేదు. వాళ్ళలో సగం మంది స్టాండు మోశారు, లైటు పట్టుకున్నారు, నీతో పాటు నిద్ర మానుకున్నారు. అంటే వాళ్ళు నీ యూనిట్. సొంత యూనిట్ చప్పట్లతో కడుపు నింపుకోవచ్చు గాని, సినిమా ఎలా ఉందో అందులోంచి తెలియదు.

ఫ్యాక్టరీలో కూర్చున్న ఆడవాళ్ళకి మీరెవరూ తెలియదు. వాళ్ళకి తెర మీద కనపడింది ఒక ఆడపిల్ల, ఆమె ముందున్న చీకటి. ఆ పిల్ల మా ఇంటి పిల్ల అయితే, అనుకున్నారు. అనుకున్నారు కాబట్టే ఆ ప్రశ్న పుట్టింది. కథ బయట కూర్చున్నవాళ్ళకి అలాంటి ప్రశ్న రాదు. ఇంటికి ఫోన్ చేస్తే కథే లేదు కదా మాస్టారూ అని నువ్వు అంటావు. నిజమే. అందుకే ఆమె ఎందుకు చేయలేదో నువ్వు రాసి తీరాలి.

ఎందుకు చేయలేదు? దీనికి జవాబు నాకంటే నీకే బాగా తెలుసు. మన జిల్లాలో ఊరు వదిలి హాస్టల్లో చదువుకునే ఆడపిల్లకి ముసుగు మనిషి కంటే పెద్ద భయం ఒకటుంది. "అమ్మా, ఇక్కడేదో తేడాగా ఉంది" అని ఒక్క ఫోన్ చేస్తే చాలు. తెల్లారేసరికి నాన్న మొదటి బస్సు దిగుతాడు, పెట్టె సర్దించేస్తాడు, చదువు అక్కడితో సరి. అది కోపంతో చేసే పని కాదు. ప్రేమతోనే చేస్తాడు. అందుకే ఎదురు చెప్పడం కుదరదు. నీ కథానాయిక ఫోన్ చేతిలో పట్టుకుని 'అమ్మ' అన్న పేరు మీద వేలు పెట్టి, నొక్కకుండా ఆగిపోయే ఒక్క షాట్ తీసి ఉంటే, దానికి ముందు ఎక్కడో ఒకచోట అక్క చదువు అలా ఆగిపోయిందని అర నిమిషంలో చెప్పి ఉంటే, ఆ ఫ్యాక్టరీలో ఎవరూ లేచి ప్రశ్న అడిగేవారు కాదు. ఊపిరి బిగబట్టుకుని కూర్చునేవారు. వాళ్ళలో ఎంతమంది తమ కూతుళ్ళ పెట్టెలు సర్దించి ఉంటారో!

థ్రిల్లర్ అంటే ఏదో ఒకటి దాచిపెట్టి చివర్లో తీసి చూపించడం అని నీ వయసువాళ్ళు అనుకుంటారు. నువ్వూ అలాగే అనుకున్నావు. హంతకుడెవరో దాచావు, స్నేహితురాలు ఏమైందో దాచావు, మెసేజ్ ఎవరు పెట్టారో దాచావు. అన్నీ దాచేసరికి చూసేవాడి చేతిలో పట్టుకోవడానికి ఏమీ మిగల్లేదు. ఏమీ తెలియనివాడికి భయం వేయదమ్మా. కొంత తెలిసినవాడికే వేస్తుంది.

బొబ్బిలి కథ తీసుకో. 1757 జనవరి 24న కోట కూలింది. ఫ్రెంచి సేనాని బుస్సీ ఫిరంగులు, విజయనగరం ప్రభువు విజయరామరాజు సైన్యం ఒకవైపు, చిన్న మట్టికోట ఇంకోవైపు. ఆ కథ చివర ఏమవుతుందో మన ఉత్తరాంధ్రలో చిన్నపిల్లలకి కూడా తెలుసు. అయినా బుర్రకథలో తాండ్ర పాపారాయుడు రాత్రిపూట విజయరామరాజు డేరాలోకి చొరబడే ఘట్టం వచ్చేసరికి తెల్లవార్లూ కూర్చున్న జనం కదలరు. రాజు నిద్రపోతున్నాడని మనకి తెలుసు. డేరా వెనక మనిషి ఉన్నాడని మనకి తెలుసు. రాజుకి తెలియదు. కథకుడు ఏమీ దాచలేదు. అంతా ముందే మన చేతిలో పెట్టేసి, ఆ రెండడుగుల దూరాన్ని సాగదీస్తాడు. ఇంకో సంగతి. బొబ్బిలిలో కూర్చుని వినేవాడు "వేగిరం లోపలికెళ్ళు" అని లోలోపల తొందరపెడతాడు. విజయనగరంలో వినేవాడికి "లేవయ్యా రాజా, లే" అనిపించవచ్చు. ఘట్టం ఒకటే, కత్తి ఒకటే. వినేవాడు ఏ ఊరివాడో దాన్ని బట్టి గుండె అటో ఇటో కొట్టుకుంటుంది. నీ సినిమా ప్రతి సన్నివేశానికీ పక్కన రెండు గళ్ళు గీసుకో. ఒక దాంట్లో పాత్రకి ఏం తెలుసో రాయి, రెండో దాంట్లో చూసేవాడికి ఏం తెలుసో రాయి. రెండూ సమానంగా ఉన్నచోట నీ సినిమా చల్లబడుతుంది.

ఇప్పుడు ఆ ఫ్యాక్టరీ గురించి. నువ్వు దాన్ని చీకటి కోసం వాడుకున్నావు. రేకుల కప్పు, మూలన గోనె బస్తాలు, వేలాడే బల్బు. అంతకంటే విలువైనది నీ కెమెరా ముందే ఉంది, నువ్వు చూడలేదు. 9వ నిమిషంలో తలుపు తీసే కాపలా మనిషి చేయి గొళ్ళెం మీద పడుతుంది. అక్కడ ఆపి చూడు. చూపుడువేలు, బొటనవేలు కొసలు నల్లగా ఉన్నాయి. అది మేకప్ కాదని నాకు తెలుసు. ఆ పాత్రకి ఫ్యాక్టరీలో పనిచేసే మనిషినే పెట్టినట్టున్నావు. జీడిపిక్క తొక్కలోంచి వచ్చే నూనె ఒంటికి తగిలితే పొక్కుతుంది. కొట్టేవాళ్ళు నూనో బూడిదో రాసుకుని కూర్చుంటారు, అయినా వేళ్ళు నల్లబడతాయి. సబ్బుతో కడిగితే పోయే నలుపు కాదది. పెళ్ళికి వెళ్ళినా, గుడికి వెళ్ళినా ఆ వేళ్ళు అలాగే ఉంటాయి.

ఇంతకంటే ఆధారం ఏం కావాలి నీకు? కనపడకుండా పోయిన పిల్ల పుస్తకం మీద ఒక నల్లటి వేలిముద్ర ఉందనుకో. కాశీబుగ్గలోనో పలాసలోనో చూసేవాళ్ళకి చూసిన క్షణంలో తెలిసిపోతుంది, ఆ చేయి ఎక్కడ పనిచేస్తుందో. నీ కథానాయిక ఎచ్చెర్ల వైపు పిల్ల అనుకుందాం, ఆమెకి తెలియదు, సిరా అనుకుంటుంది. ఫ్యాక్టరీ ఆడవాళ్ళు తెర ముందు కూర్చుని "సిరా కాదే, పిక్కల నూనే!" అని కేకలు వేస్తారు. ఆ కేక ఈలల కంటే గొప్పది. విజయవాడలో చూపించేటప్పుడు మాత్రం ఆ వేళ్ళ సంగతి వాళ్ళకి ముందే పరిచయం చేయాలి. మొదటి రెండు నిమిషాల్లో ఏ బస్సులోనో, కమ్మీ పట్టుకున్న ఒక చేతిని మాట లేకుండా చూపించు. చాలు. ఒక్కమాట జాగ్రత్త. ఆ నల్లవేళ్ళ మనిషి చివరికి హంతకుడు కాకూడదు. ఆ వేళ్ళతో ఇళ్ళు నడుపుతున్న ఆడవాళ్ళే నీ ముందు కూర్చుని చూస్తారు. ఆ ముద్ర సాయం చేయబోయిన మనిషిది అవనీ. అప్పుడు కథకి మలుపూ దొరుకుతుంది, వాళ్ళ మొహం వాళ్ళకి గౌరవంగా కనపడుతుంది.

మలుపు అన్నాను గనక ఇది కూడా. ముసుగు మనిషి స్నేహితుడేనని, వాడికి మతి చలించింది కాబట్టి చంపాడని తేల్చేశావు. కారణం దొరకనప్పుడు అందరూ వెళ్ళే దారి అది. మతిస్థిమితం లేనివాళ్ళు ప్రతి ఊళ్ళోనూ ఉన్నారు, వాళ్ళ వల్ల మనకి జరిగే కీడు కంటే మన వల్ల వాళ్ళకి జరిగేది ఎక్కువ. తీసెయ్.

శబ్దం విషయం. ఫ్యాక్టరీలో చూపించినప్పుడు ఒక్కచోట మాత్రం ఆడవాళ్ళు నిశ్శబ్దం అయిపోయారని, ఒకావిడ తలెత్తి పైకప్పు వైపు చూసిందని రాశావు. గాలి శబ్దం పెట్టినచోట. కారణం తెలియలేదన్నావు. 2018 అక్టోబర్ 11 తెల్లవారుజామున తిత్లీ తుపాను పలాస దగ్గరే తీరం దాటింది. ఉద్దానంలో కొబ్బరిచెట్లు, జీడితోటలు వరసలకి వరసలు నేలకొరిగాయి. ఏళ్ళ తరబడి పెంచుకున్న చెట్లు ఒక్క పూటలో పోయాయి. ఆ రాత్రి రేకుల మీద గాలి ఎలా మోగిందో వాళ్ళ ఒంటికి గుర్తు. నువ్వు తెలియకుండానే వాళ్ళ నిజమైన భయాన్ని తాకావు. తెలిశాక ఇష్టం వచ్చినట్టు వాడకు. కథకి అవసరమైతేనే, ఒక్కసారే.

నేపథ్య సంగీతం సగానికి పైగా తీసెయ్యమంటాను. ఏమీ జరగకముందే అది "భయపడండి" అని ఆర్డరు వేస్తోంది. పలాస మెయిన్ లైను మీద ఉన్న స్టేషను. షూటింగులో రైలు వచ్చినప్పుడల్లా కట్ చెప్పి విసుక్కున్నామని రాశావు. గూడ్సు బండి వెళ్ళినంతసేపు పక్కన మనిషి అరిచినా వినపడదు. థ్రిల్లర్ తీసేవాళ్ళకి అది దేవుడిచ్చిన వరం. ఒక సన్నివేశం మొత్తం ఆ బండి చప్పుడు కింద పెట్టు. మాటలు రికార్డు చేయడానికి ఇంకో ఫోను నటి ఒంటికి దగ్గరగా దాచిపెట్టండి, రేకుల కింద మాట మోగిపోతోంది. ప్రతి చోటా షూటింగ్ అయ్యాక అందరినీ నోరు మూసుకోమని ఆ చోటు నిశ్శబ్దాన్ని ఒక నిమిషం రికార్డు చేసుకోండి. ఎడిటింగులో అతుకులు కనపడకుండా చేసేది అదే. హాస్టల్ వరండాలో లైట్ల గీతలు పాకుతున్నాయి, అది ఫోను తప్పు కాదు. మన కరెంటు 50 హెర్ట్జ్, అందువల్ల దీపం సెకనుకి 100 సార్లు మిణుకుతుంది. ఫోనులో మాన్యువల్ పెట్టి సెకనుకి 25 ఫ్రేములు, షట్టర్ 1/50 చేసుకోండి, చాలావరకు పోతాయి.

ఇక భాష. నీ పాత్రలన్నీ "నా నుంచి నువ్వు తప్పించుకోలేవు" అన్న తరహాలో మాట్లాడుతున్నాయి. పలాస మనిషెవరూ అలా బెదిరించడు. మన యాస పెడితే జనం నవ్వుతారని భయపడ్డానని రాశావు. నీ భయానికి కారణం ఉంది. మన మాటని సినిమాలు చాలాకాలం నవ్వించడానికే వాడుకున్నాయి, పనివాడికో తింగరివాడికో అంటగట్టాయి. కానీ ఈ గడ్డ మీద రావిశాస్త్రి గారు కోర్టుల్లో, పోలీసు స్టేషన్లలో వినపడే ఉత్తరాంధ్ర మాటని కథల్లోకి తెచ్చారు. అది చదివి నవ్వొచ్చినచోట కూడా ఒళ్ళు జలదరిస్తుంది. నీ సినిమాలో నాకు నిజంగా వెన్నులో చలి పుట్టింది ఒకేచోట. కాపలా మనిషి చీకట్లోకి చూసి, గొంతు పెంచకుండా, "ఎవులూ?" అంటాడు. జవాబు రాదు. మళ్ళీ, ఇంకా నెమ్మదిగా, "ఎవులది?" అంటాడు. ఆ మనిషికి నువ్వు డైలాగు రాసివ్వలేదు కదూ? ఆయన నోటికి వచ్చింది ఆయన అన్నాడు. మిగిలిన పాత్రలు కూడా అలా మాట్లాడేదాకా స్క్రిప్టు తిరగరాయి.

శ్రీకాకుళం వచ్చినప్పుడు కథానిలయానికి తీసుకెళ్తాను. కాళీపట్నం రామారావు మాస్టారు 1997లో పెట్టిన కథల లైబ్రరీ అది. తెలుగు కథ ఎక్కడ అచ్చైనా అక్కడికి చేరాలని ఆయన తపన. పాత పత్రికల్లో నేర పరిశోధన కథలూ ఉన్నాయి, మన పల్లెల కథలూ ఉన్నాయి. మొదటివాటిలో ఆధారం ఎక్కడ పెట్టారో చూడు, రెండోవాటిలో మనుషులు ఎందుకు మౌనంగా ఉంటారో చూడు. నీ సినిమాకి రెండూ కావాలి.

రెండో సినిమా మొదలెట్టొద్దు ఇప్పుడే. ఇదే మళ్ళీ తియ్యి. పూర్తిగా కాకపోయినా, ఫోన్ సన్నివేశం, వేలిముద్ర, చివరి నాలుగు నిమిషాలు. రాత్రి షూటింగ్ ఉంటే అమ్మాయిలందరి ఇళ్ళలోనూ ముందే చెప్పండి, మావయ్యనో ఇంకో పెద్దవాళ్ళనో దగ్గర ఉంచుకోండి. పూర్తయ్యాక మొదట కాలేజీలో కాదు, ఫ్యాక్టరీలోనే వెయ్యి. నువ్వు వెనక నిలబడొద్దు, ఆడవాళ్ళ మధ్యలో కూర్చో. తెర వైపు కాదు, వాళ్ళ వైపు చూడు. ఎక్కడ చెంగు సర్దుకున్నారో, ఎక్కడ పక్కావిడతో మాట్లాడారో రాసుకో. ఆ ప్రశ్న అడిగినావిడని మాత్రం ముందు వరసలో కూర్చోబెట్టు, పేరు పెట్టి పిలిచి మరీ.

తిరగరాసిన స్క్రిప్టు కాగితం మీద తీసుకురా, పక్కన రాయడానికి చోటు వదిలి. ఆదివారాలు పొద్దున్న నేను ఇంట్లోనే ఉంటాను. శబ్దం చూసిన అబ్బాయిని కూడా వెంటబెట్టుకు రా, రైలు సన్నివేశం గురించి అతనితో మాట్లాడాలి.

ఆశీస్సులతో,
మాస్టారు