చైనా వైద్య విభాగంలో పాఠం చెప్పబోతున్న మా తమ్ముడి కూతురికి

చి. మాధవికి,

పెదనాన్న ఆశీస్సులు. ఆస్ట్రేలియాలో చైనా వైద్య విభాగంలో పరిశోధనా పద్ధతులు బోధించే ఉద్యోగం నీకు ఖాయమైందని మీ నాన్న ఫోనులో చెప్పినప్పుడు చాలా సంతోషించాను. "గణాంకశాస్త్రం చదివి ఈ వేళ్లూ మూలికలూ దేనికి?" అని వాడు అడిగితే నవ్వొచ్చింది. నేను ఇదే పనిలో చేరిన రోజున మీ తాతగారు కూడా అచ్చం ఆ మాటే అన్నారు. పాతికేళ్లకు పైగా చేసిన పని కనుక, అడగకపోయినా నాలుగు మాటలు రాస్తున్నాను.

నీవు చేరిన వారం తిరగకముందే నీవు నమ్మేదానివా, నమ్మనిదానివా అని అందరూ ఆరా తీస్తారు. ఆ ప్రశ్నకు తొందరపడి జవాబు చెప్పకు. నీ విద్యార్థుల్లో కొందరు తండ్రి దుకాణంలో వేళ్లు తూచి పొట్లాలు కట్టి పెరిగినవారు, కొందరు తమ నడుమునొప్పి ఆక్యుపంక్చర్ సూదులతో తగ్గిందని ఈ చదువుకు వచ్చినవారు. అక్కడ 2012 జూలై నుంచి చైనా వైద్యులకు జాతీయ రిజిస్ట్రేషను ఉంది కాబట్టి, చదువు ముగించిన మర్నాటి నుంచి వాళ్ల చేతికి నిజమైన రోగులు వస్తారు. వాళ్లు నమ్మకం మార్చుకున్నారా లేదా అన్నది నీ పని కాదు. రోగికి ఏమి ఇచ్చాము, దానిని దేనితో పోల్చి చూశాము అని అడిగితే తడబడకుండా చెప్పగలిగేలా వాళ్లను తయారు చేయడమే నీ పని.

ఏమి ఇచ్చాము అన్నది చాలా సులువైన ప్రశ్నలా కనిపిస్తుంది గాని, ఈ విద్యలో అంతకంటె కష్టమైనది లేదు. మొదటి పాఠానికి బెల్జియం ఉదంతాన్ని తీసుకో. 1990ల ఆరంభంలో బ్రస్సెల్స్‌లో బరువు తగ్గడానికి చైనా మూలికలు కలిపిన మందు వాడిన స్త్రీలకు మూత్రపిండాలు శరవేగంగా పాడయ్యాయి. 1993లో ఆ సంగతి లాన్సెట్ అనే వైద్య పత్రికలో వెలువడింది. మందులో ఉండవలసినది స్టెఫానియా టెట్రాండ్రా అనే మొక్క వేరు. చైనావారు దానిని ఫాంగ్‌జీ అంటారు. అదే ఫాంగ్‌జీ మాట చైనా పేరులో ఉన్న మరొక మొక్క, అరిస్టొలోకియా ఫాంగ్‌చీ, దాని స్థానంలో చేరింది. అందులోని అరిస్టొలోకిక్ ఆమ్లం వందమందికి పైగా రోగుల మూత్రపిండాలను దెబ్బతీసింది, తరువాత కొందరిలో మూత్రనాళపు క్యాన్సరుకు కూడా కారణమైంది. గలిజేరు తెమ్మంటే ఒక ఊళ్లో ఒక మొక్కనూ, పక్క ఊళ్లో మరొక మొక్కనూ పీకి తెచ్చే మనకు ఇది వింతగా అనిపించనక్కరలేదు. కనుక ప్రతి విద్యార్థి చేతా తనకు బాగా తెలిసిన ఒక యోగాన్ని, అంటే కొన్ని మూలికలు కలిపిన మందును, తీసుకుని అందులోని ఒక్కొక్క ద్రవ్యానికి శాస్త్రీయ నామం, వాడిన భాగం, శుద్ధి చేసిన విధానం, మోతాదు, ఎక్కడి నుంచి వచ్చిందో రాయించు. చైనా మూలికా యోగాల మీద జరిగే ట్రయల్స్‌ను, అంటే రోగుల్లో మందును పోల్చి చూసే పరీక్షలను, ఎలా నివేదించాలో చెప్పే అనుబంధ మార్గదర్శకాలు, కన్సార్ట్ అనే నివేదన ప్రమాణాలకు చేర్చినవి, 2017లో వచ్చాయి. వాటిని కంఠస్థం చేయించడం కంటె ఈ ఒక్క అభ్యాసం మేలు.

రెండో చిక్కు రోగనిర్ణయంలో ఉంది. ఇద్దరికీ నిద్రలేమే అయినా, నాడినీ నాలుకనూ చూసి ఒకరిది ఒక స్థితి, మరొకరిది వేరొక స్థితి అని తేల్చి వేర్వేరు మందులివ్వడం ఈ వైద్యానికి ప్రాణం. చైనా భాషలో దానిని బియెన్‌జెంగ్ అంటారు. ఇక్కడే నేను ఒకసారి ఘోరంగా దెబ్బతిన్నాను. నిద్రలేమిలో ఒకానొక స్థితి ఉన్నవారినే ఎంచుకుని ట్రయల్ నడపాలని ఆరు నెలలు శ్రమపడి అంతా సిద్ధం చేశాక, ఎందుకో అనుమానం వచ్చి ముగ్గురు అనుభవజ్ఞులైన వైద్యులను వేర్వేరు గదుల్లో కూర్చోబెట్టి అవే రోగులను చూపించాను. చాలామంది విషయంలో ముగ్గురూ మూడు స్థితులు రాశారు. వాళ్లను తప్పుపట్టలేను, ఆ పరీక్ష మొదటి నెలలో చేయవలసింది, ఆఖరి నెలలో చేసినవాణ్ణి నేను. నీవు తరగతిలోనే మొదలుపెట్టు. ఒకరి మణికట్టును ఇద్దరు విడివిడిగా పట్టి చూసి, ఒకరి కాగితం ఒకరు చూడకుండా రాయాలి. తరువాత ఆ రెండు కాగితాల మధ్య పొంతన ఎంతో, కాకతాళీయంగా కుదిరినదాన్ని తీసేసి చూసే కప్పా లెక్కతో తేల్చాలి. ఆ రోజు తరగతిలో కొంత మౌనం ఉంటుంది, కంగారుపడకు.

అలాగని ఒక్కొక్కరికి ఒక్కొక్క మందిచ్చే పద్ధతిని ట్రయల్‌లో పరీక్షించడం అసాధ్యమని ఎవరైనా అంటే ఒప్పుకోకు. 1998లో జామా అనే వైద్య పత్రికలో వచ్చిన సిడ్నీ ట్రయల్ చూపించు. పేగుల ఇబ్బందితో, అంటే ఇరిటబుల్ బవెల్ సిండ్రోమ్‌తో బాధపడే 116 మందిని మూడు వర్గాలు చేసి, ఒక వర్గానికి అందరికీ ఒకే యోగం, ఒక వర్గానికి ఎవరికి తగినది వారికి, మూడో వర్గానికి ప్లాసిబో, అంటే మందులా కనిపించే ఉత్తుత్తి మందు, ఇచ్చారు. ఎవరికి ఏది అందుతోందో రోగులకే కాదు, మందు రాసిన వైద్యులకు కూడా తెలియదు. పదహారు వారాలకు రెండు అసలు మందులూ ప్లాసిబోను మించాయి. విడివిడిగా రాసిన మందు ఒకే యోగం కంటె అప్పటికి మెరుగనిపించలేదు గాని, మందు ఆపిన పద్నాలుగు వారాలకు కూడా మేలు నిలిచింది ఆ వర్గానికే. ట్రయల్ చిన్నదే. కాని దాని నిర్మాణం ఎంత ముచ్చటగా ఉందో చూడు.

ఇక దేనితో పోల్చాము అన్నది. కషాయానికి ప్లాసిబో చేయడం వంటగది పని లాంటిది. రంగు సులువుగానే కుదురుతుంది, చేదును కూడా సాధించవచ్చు, వేడినీళ్లు పోసినప్పుడు లేచే వాసన మాత్రం పట్టిస్తుంది. రోగులకు ఇచ్చే ముందు ఆఫీసులో పదిమందికి ఇచ్చి ఏది ఏదో చెప్పమను. సూదుల విషయంలో జర్మనీ లెక్కలు చెప్పు. దీర్ఘకాలపు నడుమునొప్పి ఉన్న 1,162 మందిపై చేసి 2007లో ప్రచురించిన గెరాక్ ట్రయల్‌లో, ఆరు నెలలకు అసలు సూదులతో 47.6 శాతం మందికి, సూదులు గుచ్చవలసిన బిందువులు కాని చోట పైపైన గుచ్చిన ఉత్తుత్తి సూదులతో 44.2 శాతం మందికి, మామూలు చికిత్సతో 27.4 శాతం మందికి గుణం కనిపించింది. సగం తరగతి సూదులు గెలిచాయంటుంది, సగం ఓడాయంటుంది. ఇద్దరూ ఒకే పట్టికను చూస్తున్నారని, ఎవరు దేనితో పోలుస్తున్నారో ముందు చెప్పమని అడుగు. ఆ గంట నాకు ఏటా ఇష్టమైన గంట.

పాత ప్రచురణలు చదివించేటప్పుడు జాగ్రత్త. 1998లో జరిపిన ఒక సమీక్షలో చైనా నుంచి వచ్చిన సూదుల వైద్యపు ట్రయల్స్ ఒక్కటి తప్పకుండా అన్నీ అనుకూల ఫలితాలే ఇచ్చాయని తేలింది. ఏ వైద్యానికైనా ఓటమే లేదంటే లెక్కలో లోపముందన్నమాట. అయితే చైనాలో జరిగిన పని అంతా అంతేనని కొట్టిపారేయకు. గుండెపోటు వచ్చిన 3,777 మందికి 124 ఆసుపత్రుల్లో మామూలు చికిత్సతో పాటు టోంగ్‌షిన్‌లువో అనే చైనా మందు గుళికలనో ప్లాసిబోనో ఇచ్చి చేసిన ట్రయల్ 2023లో జామాలో వచ్చింది. ముప్పై రోజుల్లో పెద్ద ఉపద్రవాలు 5.2 శాతం నుంచి 3.4 శాతానికి తగ్గాయి. కాని అక్కడ అందరికీ ఒకే గుళిక ఇచ్చారు. పరీక్షకు నిలిచింది చైనా వైద్యమా, ఆ గుళికా? పరీక్షలో ఈ ప్రశ్న ఇవ్వు.

మలేరియా మందు కనిపెట్టిన చైనా శాస్త్రవేత్త తు యూయూ పేరు విద్యార్థులు తప్పకుండా ఎత్తుతారు. నాలుగో శతాబ్దపు గె హోంగ్ గ్రంథంలో ఛింగ్‌హావ్ మొక్కను నీళ్లలో నానబెట్టి పిండి ఆ రసం తాగమని ఉండటం చూసి, మరిగించడం వల్లనే గుణం పోతున్నదేమోనని ఆమె తక్కువ వేడిలో ఈథర్‌తో సారం తీయించారు. 1971లో ఆ నమూనా జంతువులలో మలేరియాను పూర్తిగా అణచింది, 2015లో నోబెల్ వచ్చింది. కథను అక్కడితో ఆపనివ్వకు. ఛింగ్‌హావ్ పేరుతో చెలామణి అయిన మొక్కల్లో ఆర్టెమిసియా యాన్యువాలోనే మలేరియాను అణచే ఆర్టెమిసినిన్ అనే ద్రవ్యం చెప్పుకోదగ్గంత ఉంది. పాత పుస్తకం దారి చూపింది. ఏ మొక్కో, ఏ భాగమో, ఏ వేడిలోనో తేల్చింది ప్రయోగశాల.

చైనా భాష కొంచెమైనా నేర్చుకో. చైనా చదవడం వచ్చిన విద్యార్థిని పక్కన కూర్చోబెట్టుకున్నా పరవాలేదు. నీ మొదటి ట్రయల్ ప్రోటోకాల్‌ను ఎథిక్స్ కమిటీకి పంపేముందు నాకొక ప్రతి పంపు. మిగతాది ఎలా ఉన్నా, మందు వివరాలున్న పేజీని మాత్రం పెద్ద అక్షరాల్లో అచ్చు తీయించు. నా కళ్లకు ఈ మధ్య శుక్లాలు వచ్చాయి.

ఇట్లు,
మీ పెదనాన్న