ఒంటికి పట్టాలంటే

ఒరేయ్ అల్లుడూ,

నీ మెసేజ్ చదివాను. "ఎంత తిన్నా ఒంటికి పట్టడం లేదు మామయ్యా, నా బాడీ ఇంతేనేమో" అన్నావు. నా అనుమానమంతా ఆ 'ఎంత' దగ్గరే. ఎంత తింటున్నావు? నిజంగా తెలుసా?

ఇరవై రెండేళ్ల వయసులో నేనూ ఇదే పాట పాడేవాణ్ణి. 52 కిలోలుండేవాణ్ణి, చొక్కా వేసుకుంటే హ్యాంగర్‌కి తగిలించినట్టుండేది. జిమ్‌లో ఒకాయన చెప్పాడని రోజూ పొద్దున్నే పాలల్లో నాలుగు పచ్చి గుడ్లు కొట్టుకుని, ముక్కు మూసుకుని తాగేవాణ్ణి. తొమ్మిదో రోజు వాష్‌బేసిన్ దగ్గర మొత్తం బయటికొచ్చేసింది. ఆ నీచు వాసన తలుచుకుంటే ఇప్పటికీ కడుపులో తిప్పుతుంది. పచ్చి గుడ్డులోని ప్రొటీన్ సగం దాకా అరగకుండానే పోతుందని, ఉడికిస్తే తొంభై శాతం దాకా ఒంటబడుతుందని తర్వాతెప్పుడో తెలిసింది. పడ్డ పాట్లలో సగం దండగన్నమాట.

నాకు కళ్లు తెరిపించింది ఒక నోట్‌బుక్. మూడు రోజులు నోట్లోకి పోయిన ప్రతిదీ రాశాను, తూకం వేసి మరీ. రాత్రి భోజనం గడి నిండా ఉంది. పొద్దున గడిలో 'టీ' అని ఒక్క అక్షరం. మధ్యాహ్నం గడిలో రెండు ముక్కల బ్రెడ్డు, ఒక అరటిపండు. రాత్రి దట్టించిన ఆ ఒక్క పూటే గుర్తుంచుకుని, బండెడు తింటున్నానని ఊరందరికీ చెప్పుకునేవాణ్ణి. మొత్తం కూడితే 1,700 క్యాలరీలు దాటలేదు. నా బరువు ఉన్నచోట ఉండటానికే అంతకంటే ఎక్కువ కావాలి.

నువ్వూ ముందు ఆ పని చెయ్యి. మూడు రోజుల్లో ఒకటి సెలవు రోజై ఉండాలి. రాస్తున్నాం కదా అని ఎక్కువ తినకు, రోజూ తినేదే తిను. మనలాంటి బక్కవాళ్లతో ఒక చిక్కుంది. ఒక పూట ఎక్కువ తింటే రెండో పూట ఆకలి దానంతటదే తగ్గిపోతుంది. కొంతమందికైతే తిండి పెరగగానే కాలు ఊపడం, లేచి తిరగడం లాంటివి కూడా తెలియకుండానే పెరుగుతాయి. అందుకే ఆకలిని నమ్ముకుంటే కుదరదు, గడియారాన్ని నమ్ముకో. మూడు పూటలు, మధ్యలో రెండు చిన్న తిండ్లు. ఆకలేసినా వెయ్యకపోయినా ఆ టైముకి కూర్చో.

ఇక నువ్వు పంపిన ప్లేటు ఫోటో గురించి. సగం ప్లేటు దోసకాయ, క్యారెట్ ముక్కలు. పక్కన నూనె చుక్క తగలని ఉడికించిన చికెన్, తెల్లగా, బల్ల చెక్కలా. మూలన గుప్పెడు అన్నం. ఒరేయ్, అది బరువు తగ్గాలనుకునేవాళ్ల ప్లేటు! పీచు కడుపు నింపుతుంది. ప్రొటీన్ అన్నిటికంటే ఎక్కువసేపు ఆకలి కాకుండా ఆపుతుంది. ఆ రెండిటితో కడుపు నింపేసుకుని ముద్ద దిగట్లేదంటే ఎలా దిగుతుంది? కూరగాయలు మానెయ్యమనడం లేదు, ప్లేటులో వాటి వాటా తగ్గించు. అన్నం రెండింతలు చెయ్యి. ఆ చికెన్‌ని నూనెలో మగ్గించి, నీకు నచ్చిన మసాలాతో, కాస్త పులుసుండేలా వండుకో. ఒక టేబుల్ స్పూన్ నూనెలో దాదాపు 120 క్యాలరీలుంటాయి, కడుపులో అది పట్టే చోటు ఎంతని? రుచి లేని తిండి నాలుగు రోజులు తింటావేమో, నాలుగు నెలలు తినలేవు.

నమలలేనప్పుడు తాగు. 300 మిల్లీలీటర్ల వెన్న తీసెయ్యని పాలు, ఒక అరటిపండు, రెండు టేబుల్ స్పూన్ల పీనట్ బటర్, 40 గ్రాముల ఓట్స్ మిక్సీలో వేస్తే 600 క్యాలరీలు దాటుతుంది, ప్రొటీన్ కూడా 20 గ్రాముల పైమాటే. భోజనానికి ముందు తాగావో, భోజనం పోతుంది. తిన్న గంటకో, పడుకునే ముందో తాగు. నీళ్లూ అంతే, తినబోయే ముందు రెండు గ్లాసులు పట్టించకు. బరువు పెంచుతాయంటూ డబ్బాల్లో అమ్మే గెయినర్ పౌడర్ల జోలికి పోయే ముందు డబ్బా వెనక చదువు. చాలావాటిలో ఎక్కువ భాగం చవక పిండిపదార్థమే.

ఎంత పెంచాలంటావా? బరువు నిలకడగా ఉంచే తిండి మీద రోజుకు 300 క్యాలరీలు చాలు. ఒక్కసారిగా వెయ్యి కలిపితే కండ అంత వేగంగా పెరగదు, మిగిలిందంతా పొట్టకే చేరుతుంది. ప్రొటీన్ కిలో బరువుకి 1.6 గ్రాముల చొప్పున, నీ 58 కిలోలకి 95 గ్రాములు అనుకో. గుడ్డుకి 6, పావు లీటరు పాలకి 8 చొప్పున లెక్కేసుకో. పొద్దున్నే బాత్‌రూమ్‌కి వెళ్లొచ్చాక బరువు చూసుకుని, వారం సగటు రాసుకో. ఒక్క రోజు అంకె చూసి టెన్షన్ పడకు. నిన్నటి ఉప్పుకీ నీళ్లకీ కిలో అటూ ఇటూ అవుతుంది. వారానికి 150 నుంచి 300 గ్రాములు పెరిగితే సరైన దారిలో ఉన్నట్టే. రెండు వారాలు బరువు కదలకపోతే ఇంకో 150 క్యాలరీలు కలుపు.

జిమ్‌లో ఎత్తే బరువు కూడా నెలనెలా పెరుగుతుండాలని నీకు వేరే చెప్పక్కర్లేదు. నిద్ర మాత్రం ఏడు గంటలకి తగ్గనివ్వకు, రాత్రి ఒంటి గంటకి నాకు మెసేజ్‌లేంటి అసలు?

కక్కొచ్చేదాకా మాత్రం కుక్కుకోకు. నేను చేసి చూశాను, దాంతో తిండి మీదే విరక్తి పుట్టింది. రాసుకున్న లెక్క ప్రకారం బాగా తింటున్నా బరువు తగ్గుతూనే ఉన్నా, అతిగా దాహం, గుండె దడ, తరచూ విరేచనాలు లాంటివున్నా జిమ్‌లో వాళ్లనీ నన్నూ అడగకు. డాక్టర్ దగ్గరికి వెళ్లి థైరాయిడ్, షుగర్ చూపించుకో.

ఆదివారం సాయంత్రం ఫోన్ చేస్తాను. ఆ మూడు పేజీలు ఎదురుగా పెట్టుకుని కూర్చో. పొద్దున ఉత్త టీతో సరిపెట్టుకున్నా సిగ్గుపడకుండా 'టీ' అనే రాయి.

నీ మామయ్య