అర్థం కాకపోతే కాకపోనీ, వెళ్లిరా

బుజ్జీ,

నిన్న ఫోన్లో నువ్వన్న మాట రాత్రి పడుకున్నా వదల్లేదు. ట్రైనింగ్ అయ్యాక ఢిల్లీలో ఒకరోజు ఖాళీ దొరికిందనీ, తోటి పిల్లలు జైపూర్ హౌస్‌లో బొమ్మలు చూద్దామంటున్నారనీ, "మోడరన్ ఆర్ట్ గురించి నాకేం తెలుసు మావయ్యా, అక్కడ తెల్లమొహం వేసుకుని నిలబడాలి" అనీ అన్నావు చూడు, అదీ సంగతి. గుంటూరు మిర్చి యార్డులో ముప్ఫై ఏళ్లు గుమాస్తాగిరీ చేసిన మీ మావయ్య మూడుసార్లు వెళ్లొచ్చాడు. డిగ్రీ చదివిన నీకు టెన్షన్ దేనికి?

సోమవారం మాత్రం వెళ్లకు, సెలవు. నేను మొదటిసారి ఎవర్నీ అడక్కుండా సోమవారమే వెళ్లి, గేటు దగ్గర వాచ్‌మన్‌తో నాకొచ్చిన నాలుగు హిందీ ముక్కల్తో వాదించి, ఇండియా గేట్ దగ్గర పల్లీలు కొనుక్కుని తిని వెనక్కొచ్చాను. మర్నాడు మళ్లీ వెళ్లి ఇంకా పెద్ద తప్పు చేశాను. టికెట్ కొన్నాం కదా, ఒక్కటి కూడా వదలకూడదని లారీలో మిర్చి టిక్కీలు, అదే బస్తాలు, లెక్కపెట్టినట్టు ఒక్కో బొమ్మ దగ్గర ఒక్కో క్షణం ఆగుతూ పైనా కిందా తిరిగేశాను. బయటికొచ్చి మెట్ల మీద కూర్చుంటే మోకాళ్ల నొప్పి తప్ప ఒక్కటంటే ఒక్క బొమ్మ గుర్తు రాలేదు.

అదంతా ఒక్క పూటలో తెమిలే చోటు కాదు. 1936లో కట్టిన జైపూర్ మహారాజావారి భవనం అది, పైనుంచి చూస్తే సీతాకోకచిలుకలా ఉంటుందట. 1954లో దాన్ని నేషనల్ గ్యాలరీ ఆఫ్ మోడరన్ ఆర్ట్‌గా ప్రారంభించింది అప్పటి ఉపరాష్ట్రపతి, మన సర్వేపల్లి రాధాకృష్ణన్ గారే. 2009లో దానికి కొత్త భవనం కూడా తోడైంది, పాతదానికి దాదాపు ఆరింతల చోటు. అందుకని ముందే అనుకుని వెళ్లు, అయిదో ఆరో చూస్తాను, అవి బాగా చూస్తాను అని. మిగతావాటికి ఒక నమస్కారం పెట్టేసి నడిచిపో.

ఏవా అయిదారు అని నన్నడగొద్దు. గదిలోకి అడుగుపెట్టగానే గుమ్మం దగ్గరే ఆగి చుట్టూ ఒకసారి చూడు, ఏది నిన్ను లాగితే దాని దగ్గరికే వెళ్లు. పక్కన చిన్న అట్ట మీద గీసినవాళ్ల పేరూ ఏడాదీ వగైరా ఉంటాయి, ముందే దాన్ని చదవకు. యార్డులో కాయ కొనేవాడు రైతు పేరడిగి కాయ చూడడమ్మా. బస్తాలోంచి గుప్పెడు తీసి, వెలుతురులోకొచ్చి అరచేతిలో పరుస్తాడు, ఒక కాయ విరుస్తాడు, నెమ్ముందా, రంగు పోయిన తాలు కాయ ఎంత కలిసింది, రంగు ఒక్కతీరుగా ఉందా అని చూస్తాడు. ఊరూ పేరూ ఆ తర్వాతి మాట. నువ్వూ అంతే, ముందు నీ కన్ను పని కానివ్వు. కాస్త దూరంగా ఒకసారి, దగ్గరికెళ్లి ఒకసారి. దగ్గరికన్నానని చెయ్యి పెట్టేవు సుమా! రంగు ఎంత మందంగా వేశారో చూద్దామని నేను వేలు చాపబోతే గార్డు వేసిన కేక ఇప్పటికీ చెవిలోనే ఉంది, తప్పు నాదే.

మూడోసారి వెళ్లినప్పుడు నేను పట్టున పావుగంట నిలబడిపోయింది అమృతా షేర్‌గిల్ వేసిన ముగ్గురమ్మాయిల బొమ్మ ముందు. 1935 నాటిది. ముగ్గురూ పక్కపక్కనే కూర్చుని ఉంటారు, ఒకళ్ల మొహం ఒకళ్లు చూసుకోరు, మనవైపూ చూడరు. పెళ్లిచూపులకి కూర్చోబెడితే మీ అమ్మ కూడా అచ్చం అలాగే కూర్చుంది, నేను పక్కనే ఉన్నా. అది సరే, నన్ను పట్టుకున్నది మాత్రం ఆ బట్టల ఎరుపు. యార్డు మనిషికి ఎరుపంటే ఒక్కటి కాదు. తేజ రకం మిర్చి ఎరుపు వేరు, బ్యాడిగి రకం ముదురెరుపు వేరు, కోల్డ్ స్టోరేజీలోంచి దింపిన ఏసీ కాయ ఎరుపు వేరు. ఈవిడకీ అది తెలుసు అనిపించింది నాకు. తర్వాతే అట్ట చదివా. పారిస్‌లో చదువుకొచ్చిన మనిషట, 28 ఏళ్లకే పోయిందట. ముందే చదివి ఉంటే అయ్యో పాపం అనుకుంటూ రంగు చూడ్డం మర్చిపోయేవాణ్ణేమో.

జామినీ రాయ్ బొమ్మలు కనిపిస్తే కాసేపు ఆగు. పెద్ద పెద్ద కళ్లు, లావుపాటి గీతలు, చూడగానే తెలిసిపోతాయి. దొరల పద్ధతిలో బొమ్మలు వేయడం నేర్చుకుని, చక్కగా డబ్బులొచ్చే పని వదిలేసి, బెంగాల్ పల్లెల్లో పటాలు గీసేవాళ్ల దారి పట్టాడాయన. రంగుల్లోకి రాతిపొడి, సుద్ద, చింతగింజలు వాడేవాడు. చింతగింజలనగానే నీకేం గుర్తొచ్చింది? మన కొండపల్లి బొమ్మలకి అతుకులు వేసే మక్కులో కలిపేదీ ఆ చింతగింజల పొడే. ఇక్కడ పెరిగినదానివి, నాకేం తెలుసు అంటావేంటే.

కాగితం మీద వేసినవి ఉన్న గదుల్లో వెలుతురు తక్కువగా ఉంటే కరెంటు ఆదా చేస్తున్నారనుకోకు. వెలుతురు ఎక్కువ తగిలితే రంగు పోతుంది. మన కాయని ఏసీల్లో పెట్టి కాపాడుకోవడం లాంటిదే. అలాంటివి కొన్నాళ్లు గోడకి పెట్టి తీసేసి దాస్తారు కూడా. కాబట్టి నేను చెప్పిన బొమ్మే నువ్వెళ్లిన రోజున లేకపోవచ్చు, దిగాలు పడకు.

ఇక కొత్తవాళ్ల పనులు. ఇవి కొన్ని నాకూ మింగుడు పడవు, దాపరికమెందుకు. సుబోధ్ గుప్తా అని ఒకాయన స్టీలు గిన్నెలూ క్యారేజీలూ గుట్టగా పేర్చి శిల్పమంటాడు. ఫొటోలో చూసి మీ అత్తయ్య, "మన అటకమీద కూడా ఇదే ఉంది, టికెట్ పెడదామా" అంది. నవ్వాను గానీ, తర్వాత అటకెక్కి పేర్లు చెక్కించిన ఆ పెళ్లి సామాను చూస్తే ఏదోలా అయింది, ఇచ్చినవాళ్లలో సగంమంది ఇప్పుడు లేరు. అది ఆయన బొమ్మ గొప్పతనమో నా వయసో చెప్పలేను. నచ్చకపోతే నచ్చలేదని ధైర్యంగా అనుకో, కాకపోతే రెండు నిమిషాలు నిలబడ్డాక అను. పక్కనున్న పిల్లలు పెద్ద పెద్ద ఇంగ్లీషు మాటలు వాడుతుంటే కంగారు పడి తలూపకు.

మెత్తటి చెప్పులు వేసుకో. పెద్ద బ్యాగు హాస్టల్లోనే వదిలెయ్, లేకపోతే అక్కడ కౌంటర్లో ఇవ్వాల్సి వస్తుంది. మధ్యలో బెంచీ కనిపిస్తే మొహమాటపడకుండా కూర్చో. ఆంధ్రాభవన్ క్యాంటీన్ దగ్గర్లోనే, పప్పూ గోంగూరా ఎక్కడికీ పోవు, చూశాకే తిను. ముందే భోంచేసి వెళితే ఠాగూర్ బొమ్మల ముందు కునికిపాట్లు పడతావు. ఆయన అరవై దాటాక, రాతల్లో కొట్టివేతల్ని బొమ్మలుగా మలుస్తూ మలుస్తూ రంగుల్లోకి దిగాడు. ఆ సంగతి తెలిసినప్పటినుంచీ రిటైరైన నాకు కాస్త ఆశగా ఉంది, మీ అత్తయ్యతో అనకు.

రాత్రికి ఫోన్ చెయ్. "బాగుంది మావయ్యా" అని పెట్టేస్తే ఊరుకోను. ఆ ముగ్గురమ్మాయిల బొమ్మ కనిపిస్తే, అందులో ఎరుపు తేజనా బ్యాడిగినా చెప్పు. నా లెక్క నాకుంది, నువ్వు చెప్పాక చెబుతా.

మీ మావయ్య
గుంటూరు