నాలుగు కోర్లు, పదహారు వర్చువల్ ప్రాసెసర్లు

ప్రశ్న: మా కళాశాల ల్యాబులో నాలుగు కోర్లు, 32 జీబీ మెమరీ ఉన్న ఒకే సర్వరుపై లినక్సులోని కేవీఎం సదుపాయంతో ఎనిమిది వర్చువల్ మెషీన్లు (సాఫ్ట్‌వేర్‌తో సృష్టించిన కంప్యూటర్లు) నడుపుతున్నాను. ఒక్కోదానికి రెండేసి వర్చువల్ ప్రాసెసర్లు, 4 జీబీ మెమరీ ఇచ్చాను. విద్యార్థులందరూ ఒకేసారి ప్రోగ్రాములు కంపైల్ చేస్తే అన్నీ నత్తనడక నడుస్తున్నాయి. నాలుగేసి ప్రాసెసర్లు ఇస్తే వేగం పెరుగుతుందా?
– ఒక పాఠకుడు, హనుమకొండ

జవాబు: పెరగదు, ఇంకా తగ్గవచ్చు.

కోర్ల కంటే ఎక్కువ వర్చువల్ ప్రాసెసర్లు ఇవ్వడం తప్పు కాదు. కేవీఎంలో వర్చువల్ ప్రాసెసర్ అనేది హోస్టులోని, అంటే అసలు సర్వరులోని, లినక్సుకు మామూలు థ్రెడ్డే (ఒక పనివరుసే) కనుక, ఏ పనికి ఎప్పుడు కోరు ఇవ్వాలో నిర్ణయించే షెడ్యూలర్ వాటన్నిటికీ వంతులవారీగా కోర్లను పంచుతుంది. మెషీన్లు ఖాళీగా ఉన్నంతసేపు ఆ పంపకం మీకు తెలియను కూడా తెలియదు. వరంగల్ ఎనుమాముల మార్కెట్లో నాలుగు కాంటాల మీద పదహారు మంది రైతుల మిర్చి తూయవచ్చు, వారు వేర్వేరు వేళల్లో వస్తే. మీ ల్యాబులో కంపైల్ వేళ అందరూ ఒక్కసారే బస్తాలు దించుతున్నారు. చీటీలు ఎక్కువ రాసినంత మాత్రాన కాంటాలు పెరగవు.

అసలు చిక్కు మరొకటి ఉంది. గెస్టులోని, అంటే వర్చువల్ మెషీన్‌లోని, ఒక వర్చువల్ ప్రాసెసర్ కెర్నెల్‌లో (ఆపరేటింగ్ సిస్టమ్ మూలభాగంలో) స్పిన్‌లాక్, అంటే ఒకసారికి ఒకరే పట్టుకోగల తాళం, పట్టుకుని ఉండగానే హోస్టు దానిని కోరు మీది నుంచి దించివేస్తే, అదే మెషీన్‌లోని మిగతావి ఆ లాక్ కోసం ఎదురుచూస్తూ, పనేమీ చేయకుండానే తమ వంతు కాలాన్ని ఖర్చు చేస్తాయి. ఈ వృథా నిరీక్షణను పసిగట్టే సదుపాయం నేటి ప్రాసెసర్లలో ఉన్నా, అది నష్టాన్ని తగ్గిస్తుందే కాని పూర్తిగా తొలగించదు. అందువల్ల ఒక్కో మెషీన్‌కు ప్రాసెసర్లు ఎంత తక్కువ ఉంటే పంపకం అంత తేలిక. తేలికపాటి పనులు చేసే మెషీన్లకు ఒక్కటే ఇచ్చి చూడండి.

రద్దీ వేళ గెస్టులో టాప్ కమాండ్ ఇచ్చి, ‘ఎస్‌టీ’ (st) అనే అంకెను గమనించండి. గెస్టుకు పని ఉండి కూడా హోస్టు కోరు దొరకక వేచి ఉన్న కాలపు శాతమది. అది పెద్దగా ఉంటే కొరత కోర్లదే. దాదాపు సున్నా ఉంటే డిస్కును అనుమానించండి. ఒక్కో కోరును రెండుగా చూపే హైపర్‌థ్రెడింగ్ వల్ల హోస్టులో ఎనిమిది ప్రాసెసర్లు కనబడుతున్నా, ఎనిమిది కోర్ల పని జరుగుతుందని ఆశించవద్దు.

ప్రాసెసర్ల కన్నా నన్ను కలవరపెట్టింది మీ మెమరీ లెక్క. ఎనిమిది నాలుగుల ముప్పైరెండూ గెస్టులకే రాసిస్తే, హోస్టుకు మిగిలేదేమిటి? కోరు చాలకపోతే పని ఆలస్యమవుతుంది. మెమరీ పూర్తిగా అయిపోతే లినక్సు ఏదో ఒక మెషీన్‌నే చంపివేయవచ్చు. ముందుగా 3 జీబీకి తగ్గించండి.