గురి సరిగ్గానే ఉంది, పెల్లెట్ ఎందుకు పక్కకు పోతోంది?

ప్రశ్న (పుత్తూరు నుంచి ఒక తండ్రి): మా అబ్బాయికి బ్రేక్ బ్యారెల్ స్ప్రింగ్ ఎయిర్ రైఫిల్ (బ్యారెల్ వంచి స్ప్రింగ్ ఎక్కించేది) కొనిచ్చి, దానిమీద స్కోప్ పెట్టించాను. మేడ మీద 10 మీటర్ల దూరంలో కార్డు పెట్టుకుని కొడతాడు. ఆదివారం జీరో చేసి, అంటే గురి పెట్టిన చోటే పెల్లెట్ పడేలా స్కోప్ సరిచేసి, పెడతాం. మళ్లీ శనివారం తీస్తే పెల్లెట్లు అంగుళం కిందికో, కుడికో పడుతుంటాయి. మళ్లీ స్కోప్ తిప్పుతాం. ఇప్పుడు పైనున్న నాబ్ ఇక తిరగనంటోంది. బ్యారెల్ పోయింది, కొత్తది వేయించుకోమని ఒక మెకానిక్ అంటున్నాడు. వేయించాలా?

జవాబు: వద్దండీ, బ్యారెల్ జోలికి పోకండి. కొన్నాళ్లు ఆ నాబ్‌ను కూడా ముట్టుకోకండి. తిరుపతి బైరాగిపట్టెడలో మా మేడ మీదికి రైఫిల్ పట్టుకుని వచ్చేవాళ్లలో ఎక్కువమందిది ఇదే కథ. పెల్లెట్ పక్కకు పడగానే చెయ్యి స్కోప్ మీదికి పోతుంది. ఎక్కడో ఏదో కదిలింది. అదేమిటో చూడకుండా స్కోప్ తిప్పితే ఆ కదిలినది అట్లాగే ఉండిపోతుంది, మళ్లీ వారం ఇంకొంచెం కదులుతుంది.

ముందు అబ్బాయి చేత ఐదు పెల్లెట్లు కొట్టించి కార్డు చూడండి. ఐదూ దగ్గర దగ్గరగా పడి, గ్రూప్ మొత్తం పక్కకు జరిగి ఉంటే స్కోప్‌నో, దాన్ని రైఫిల్‌కు బిగించే మౌంట్‌నో, వాడు పట్టుకునే తీరునో అనుమానించాలి. ఐదూ చెల్లాచెదురుగా ఉంటే ఏదో వదులై ఊగుతున్నట్టు, లేదా పెల్లెట్లే బాగాలేనట్టు. ఈ తేడా తెలియకుండా స్క్రూడ్రైవర్ పట్టుకోవడం దండగ.

మీ రైఫిల్‌లో నేను మొదట చూసేది మౌంట్. స్ప్రింగ్ రైఫిల్ పేలగానే ముందు వెనక్కి తంతుంది, పిస్టన్ చివరికి పోయి ఆగగానే ముందుకు తంతుంది. ఈ రెండు దెబ్బలకు మౌంట్ మెల్లగా జారుతుంది. అది కంటికి కనిపించే జారుడు కాదు. స్కోప్‌ను పట్టుకునే రెండు రింగుల మధ్య 10 సెంటీమీటర్లు ఉందనుకుందాం. వాటిలో ఒకటి 0.1 మిల్లీమీటరు, అంటే ఒక తెల్ల కాగితం మందమంత పక్కకు జరిగితే చాలు, 10 మీటర్ల దగ్గర పెల్లెట్ ఒక సెంటీమీటరు తప్పిపోతుంది. ఇంట్లో నెయిల్ పాలిష్ ఉంటే మౌంటూ రైఫిలూ కలిసే చోట ఒక సన్నని గీత గీయండి, రింగు, స్కోప్ గొట్టం కలిసే చోట ఇంకోటి. వారం తర్వాత గీత విరిగి ఉంటే దొంగ దొరికినట్టే. జారకుండా అడ్డుపడే పిన్ ఉన్న మౌంట్ వేయించండి. స్కోప్ కూడా ఎయిర్ రైఫిల్ కోసం చేసిందేనా అని అడిగి తెలుసుకోండి. వెనక్కి తన్నే దెబ్బ మాత్రమే తట్టుకునే స్కోప్ స్ప్రింగ్ రైఫిల్ మీద ఎక్కువ కాలం బతకదు.

ఇక తిరగనంటున్న ఆ నాబ్ గురించి. బ్రేక్ బ్యారెల్ రైఫిళ్లలో చాలావాటికి బ్యారెల్ స్కోప్ కన్నా కొంచెం కిందికి చూస్తూ ఉంటుంది. దాన్ని సరిచేయడానికి మనం నాబ్‌ను పైకి, ఇంకా పైకి తిప్పుతాం. చివరి దాకా పోయాక స్కోప్ లోపల గొట్టాన్ని నొక్కి పట్టే చిన్న స్ప్రింగ్ వదులైపోతుంది. అప్పుడు ప్రతి దెబ్బకూ లోపలి గొట్టం కదులుతుంది, ఒక పెల్లెట్ ఇక్కడ, ఇంకోటి అక్కడ. మీ బాధలో సగం ఇదేనని నా నమ్మకం. నాబ్‌ను మధ్యకు తెచ్చేయండి. వెనక రింగు కింద పాత ఫొటో ఫిల్మ్ ముక్క ఒకటి పెట్టి స్కోప్ వెనక భాగాన్ని కొంచెం ఎత్తండి. ఇంకా ఎక్కువ ఎత్తాల్సి వస్తే, వంపు సరిచేసే మౌంట్ కొనడమే మేలు. ఎక్కువ ముక్కలు దూర్చి బిగిస్తే స్కోప్ గొట్టం నొక్కుకుపోతుంది.

స్టాక్ (రైఫిల్‌ను పట్టుకునే కర్ర భాగం) స్క్రూలు, ముందు పక్కలవీ ట్రిగ్గర్ గార్డ్ దగ్గరివీ, ప్రతి వారం ఒకసారి చూడండి. బిగువుగా ఉంటే చాలు, బలమంతా పెట్టకండి, కర్ర నలుగుతుంది. కర్ర స్టాక్ అయితే నవంబరు వానలకు ఉబ్బి, ఎండలకు మళ్లీ కుంగుతుంది. మన దగ్గర ఆ రెండు కాలాల్లో తప్పకుండా చూడాలి. తర్వాత ఖాళీ రైఫిల్‌ను, కాక్ చేయకుండా (స్ప్రింగ్ ఎక్కించకుండా), కొంచెం వంచి బ్యారెల్‌ను అటూ ఇటూ కదపండి. పక్కలకు ఆడితే బ్యారెల్ వంగే చోటున్న పివట్ బోల్టు బిగించాలి. బ్యారెల్ తెరిచి ఉండగా ట్రిగ్గర్ మాత్రం ఎప్పుడూ నొక్కనివ్వకండి. బ్యారెల్ ఎగిరి కొట్టుకుని పైకి వంగిపోతుంది, మధ్యలో వేళ్లు ఉంటే ఇంకా ఘోరం.

ఇవన్నీ సరిగ్గా ఉన్నా గ్రూప్ జరిగితే, అబ్బాయి చేతులు చూడండి. స్ప్రింగ్ రైఫిల్ తన్నులు పెల్లెట్ ఇంకా బ్యారెల్‌లో ఉండగానే మొదలవుతాయి. కాబట్టి రైఫిల్ ఎట్లా ఎగురుతుందో పెల్లెట్ అట్లా పోతుంది. ఆదివారం పిట్టగోడ మీద ఆనించి జీరో చేసి, శనివారం చేత్తో పట్టుకుని కొడితే రెండూ ఒకే చోట పడవు. పిట్టగోడ మీద నేరుగా ఆనించడం మాన్పించండి. ముందు కర్రను తెరిచిన అరచేతిలో ఊరికే పెట్టుకోవాలి, వేళ్లు బిగించకూడదు, ప్రతిసారీ అదే చోట. భుజానికి కూడా గట్టిగా అదుముకోకూడదు. రైఫిల్ తన ఇష్టానికి ఎగరాలి, కానీ ప్రతిసారీ ఒకేలా ఎగరాలి. పిల్లలకు నేను అన్నిటికన్నా ఓపికగా నేర్పేది ఇదే. ఇది వచ్చిన పిల్లలు ఏ రైఫిల్ ఇచ్చినా కొడతారు.

ఇంకొక్క మాట. కుట్టు మిషన్ నూనె ఏమైనా పోశారా? గాలి నొక్కుకున్నప్పుడు పుట్టే వేడికి ఆ నూనె లోపల మండుతుంది, పొగ వాసన వస్తుంది, పెల్లెట్ ఒక్కోసారి పైకి పోతుంది. పోసి ఉంటే ఇక పోయకండి, కొట్టేకొద్దీ అది కాలిపోతుంది. ఒకసారికి ఒక్కటే మార్చి, ఐదు కొట్టి, ఏం మార్చారో కార్డు మీదే రాయండి. రెండు కలిపి మారిస్తే ఏది పనిచేసిందో మీకూ తెలియదు, నాకూ తెలియదు.

ప్రశ్న (చిత్తూరు నుంచి ఇంటర్ అమ్మాయి): సార్, నాది గాలి సిలిండర్ ఉన్న మ్యాచ్ రైఫిల్. ఇక్కడ 10.5 పైన (ఒక షాట్‌కు గరిష్ఠం 10.9) పడే షాట్లు హైదరాబాద్ పోటీలో అన్నీ ఏడు గంటల వైపు, అంటే కింద ఎడమకు, పడ్డాయి. అందరూ టెన్షన్ అంటున్నారు. నిజమేనా?

జవాబు: అన్నీ ఒకే వైపు పడ్డాయంటే నేను టెన్షన్‌ను మొదట అనుమానించనమ్మా. టెన్షన్ షాట్లను ఎక్కువగా చెదరగొడుతుంది. ప్రయాణానికి పెట్టెలో పెట్టేటప్పుడు వెనక సైట్ ఊడదీసి, అక్కడ మళ్లీ బిగించావా? చెంప ఆనించే చీక్‌పీస్, భుజానికి ఆనే బట్ ప్లేట్ కదిలాయా? పెన్సిల్‌తో గుర్తులు పెట్టుకో. కొత్త రేంజ్‌లో లైట్లు వేరు. ముందు సైట్ రింగులో టార్గెట్ నలుపు కనిపించే తీరు మారితే కంటికి తెలియకుండానే గురి జరుగుతుంది. పోటీకి ముందు 15 నిమిషాలు ఇచ్చేది అందుకే. ఆ టైములో మూడు నాలుగు కొట్టి సరే అనుకోకుండా, గ్రూప్ నిలిచిందని తేలేదాకా కొట్టి, అప్పుడు సైట్ క్లిక్ తిప్పు. లైట్ మారినందుకు క్లిక్ తిప్పడం తప్పు కాదు. స్క్రూ వదులైనప్పుడు తిప్పడమే తప్పు.

సిలిండర్ ఒత్తిడీ చూడు. సెకనుకు 175 మీటర్ల వేగంతో పోయే పెల్లెట్ 10 మీటర్లలో 16 మిల్లీమీటర్లు కిందికి దిగుతుంది. వేగం 165కి తగ్గితే 18 దిగుతుంది. ఆ రెండు మిల్లీమీటర్లకే 10.9 కాస్తా 10.2 అవుతుంది. 60 షాట్లలో అది ఎంత నష్టమో లెక్క వేసుకో. గాలి తక్కువగా ఉన్న సిలిండర్‌తో లైన్ మీదికి వెళ్లొద్దు. రాత్రంతా ఉంచిన రైఫిల్‌తో పొద్దున మొదటి షాట్ మాత్రమే వేరే చోట పడుతుంటే గాలి ఒత్తిడిని సమంగా ఉంచే రెగ్యులేటర్‌ను తెలిసినవాళ్లకు చూపించు.

ప్రశ్న (శ్రీకాళహస్తి): పెల్లెట్ డబ్బా మార్చగానే గ్రూప్ జరిగింది. నాదే పొరపాటా?

జవాబు: మీది కాదు. పెల్లెట్ తల సైజు 4.49, 4.50 మిల్లీమీటర్లు అని డబ్బా మీద రాసి ఉంటుంది. ఆ కాస్త తేడాకే బ్యారెల్ వేరుగా ప్రవర్తిస్తుంది. ఒకే కంపెనీ పెల్లెట్లే అయినా లాట్ (ఒకే విడతలో తయారైన సరుకు) మారితే జరగవచ్చు. బ్యారెల్ తుడిచాక కూడా మొదటి పాతిక షాట్లను నమ్మకండి. మీ రైఫిల్‌కు నచ్చిన పెల్లెట్ దొరికితే అదే లాట్ నంబరువి నాలుగు డబ్బాలు ఒకేసారి కొనిపెట్టుకోండి. డబ్బా కింద పడితే లంగా (పెల్లెట్ వెనక పలచటి అంచు) సొట్టపోయిన పెల్లెట్లు ఏరి పక్కన పెట్టండి.