ప్లాన్ కింది వరుస చదువు తల్లీ

అమ్మలూ,

నిన్న గిరి రోడ్డులో మీ నాన్న కనిపించి, "పిల్ల ఆఫీసులో సర్వర్లూ డేటాబేసులూ కట్టించే టెర్రాఫామ్ కోడంతా విడగొట్టి మాడ్యూళ్లు చేస్తోందట, పెద్ద పనేనా అన్నయ్యా?" అన్నాడు. "పెద్దదే" అన్నాను, గర్వంగానే. రాత్రి మాత్రం నిద్ర పట్టలేదు.

నీకు తెలిసినవి ముందు కానిచ్చేస్తా. నెట్‌వర్క్‌కి, డేటాబేస్‌కి, అప్లికేషన్‌కి వేర్వేరు స్టేట్ ఫైళ్లు, అదే టెర్రాఫామ్ తను ఏం కట్టిందో రాసుకునే చిట్టాలు. సబ్‌నెట్, అదే నెట్‌వర్క్‌లో ఒక ముక్క, కావాలంటే మాడ్యూల్ వేరియబుల్‌గా అడగాలి గానీ తనే వెతుక్కోకూడదు. వాడేవాళ్లు గిట్ ట్యాగ్‌కి, అంటే పేరు పెట్టి ఉంచిన ఒక వెర్షన్‌కి, కట్టుబడాలి. ఒక్క స్టోరేజ్ బకెట్‌కి ఒక మాడ్యూల్ రాయకు, చాదస్తం.

ఆ ఏడు ఠాకురాణి జాత్రకి నేను బరంపురం రాలేదని మీ నాన్న ఇప్పటికీ దెప్పుతాడు కదా. కారణం ఎవరికీ చెప్పలేదు. హైదరాబాదులో అప్పుడు నేనూ ఈ పనే చేస్తున్నాను. డేటాబేస్ కోడ్‌ని ఎత్తి మాడ్యూల్‌లో పెట్టాను. ఒక్క అక్షరం మార్చలేదు, కానీ టెర్రాఫామ్ చిట్టాలో దాని చిరునామా మారిపోయింది. మన వీధిలో ఇంటి నంబర్లు మార్చినప్పుడు తాతగారి మనియార్డరు వెనక్కి వెళ్లిపోలేదూ, అదే తంతు. పాతది కూల్చాలి, కొత్తది కట్టాలి అనుకుంది టెర్రాఫామ్. ఏం చెయ్యబోతోందో ముందే చూపించే ప్లాన్ కింద 14 చేర్చాలి, 14 తీసెయ్యాలి అని రాసే ఉంది. లెక్క సరిపోయింది కదా అని 'యెస్' కొట్టాను, వెధవని!

కొత్తది "ఆ పేరుతో ఒకటుంది" అని ఆగిపోయింది. పాతది మాత్రం పోయింది. తీసేముందు చివరి స్నాప్‌షాట్, అదే డేటా నకలు, వద్దనే లైను టెస్ట్ కోడ్‌లోంచి కాపీ కొట్టానాయె, ఆటోమేటిక్ బ్యాకప్పులూ దాంతోనే పోయాయి. ఎవరో ఆరు రోజుల కిందట తీసిపెట్టుకున్న డేటా డంప్ ఒక్కటే మిగిలింది. తక్కిన ఆర్డర్లన్నీ మెయిళ్లు చూసుకుంటూ చేత్తో ఎక్కించాం. జాత్రకి తమ్ముడికి పులి వేషం కట్టి నువ్వు ఫోటో పంపింది ఆ రాత్రే. జవాబివ్వలేదని అలిగావు కూడా.

నీకా అవస్థ లేదు. 2021లో వచ్చిన 1.1 వెర్షన్ నుంచి మూవ్‌డ్ బ్లాక్ ఉంది, పాత చిరునామా, కొత్త చిరునామా రాస్తే చాలు. కూల్చనివ్వని ప్రివెంట్ డిస్ట్రాయ్ లైను ఉందిలే అని ధీమా పడకు, బ్లాక్ చోటు మారితే పాత చిరునామాకి ఆ కాపలా ఉండదు. డేటాబేస్‌కే డిలీషన్ ప్రొటెక్షన్ పెట్టు. తీసెయ్యాలి అన్నచోట సున్నా కనబడేదాకా కీబోర్డు ముట్టుకోకు. శుక్రవారం అసలొద్దు.

ప్లాన్ నాకు పంపు, ఒకసారి చదువుతాను. అర్ధరాత్రైనా ఫోన్ చెయ్యి. జాత్ర సంగతి మీ నాన్నకి చెప్పకు.

పెదనాన్న